సీటు లేని బండి

తెనాలి,
శుక్రవారం మధ్యాహ్నం.

అమ్మా ఇష్రత్‌కు, నీ అత్త ఖాసింబీ సలాములు, దీవెనలు. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ నీ మొగుడు నాగూర్ బాషా వేళకింత తిని తిరుగుతున్నాం. నువ్వూ, నీ కడుపులో బిడ్డా, మీ అమ్మానాన్నలూ అక్కడ బాపట్లలో చల్లగా ఉన్నారని తలుస్తాను. తలుస్తానే గానీ నాకు నమ్మకం కుదరదు. నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. ఈ వారంలో ఏమైనా అయివుంటే నాకెలా తెలుస్తుందని పూటపూటా అనుకుంటూనే ఉన్నాను.

నాగూర్ జుమా నమాజుకి వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేలోపు ఇది రాసెయ్యాలి. మన వీధి చివరి హనుమయ్య మీ ఊరి కాలేజీలో వాచ్‌మన్ గదా, సాయంత్రం పాసింజరుకి వెళ్ళేటప్పుడు పట్టుకెళతానన్నాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని నవ్వుకోకు, నేను చదివింది నాలుగో తరగతి. ఫోను చెయ్యవచ్చు గదా అంటావేమో. పక్కింటి వసుంధర గారి ఫోను వాళ్ళ హాల్లో ఉంది. నేను ఇష్రత్ అని నీ పేరెత్తగానే వాళ్ళ టీవీలో సౌండు తగ్గిపోతుంది.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నీ గులాబీ కుండీ బతికే ఉంది, కొత్త చిగురు కూడా వేసింది, మేక తినేస్తుందేమోనని పగలంతా లోపలా బయటా మార్చిపెడుతున్నాను. నా మోకాలి నొప్పికి మాత్రలు వేసుకుంటున్నాను. నీకు కాళ్ళు వాస్తున్నాయని రాశావు, అది చదివినప్పటి నుంచీ నా ప్రాణం నిలవడం లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు ఉప్పు తగ్గించు. మీ పెరట్లో నూతి చుట్టూ నాచు ఉండేది, దాన్ని గీకించమని మీ నాన్నగారికి చెప్పు. గీకించేదాకా అటు వెళ్ళకు. గీకించాక కూడా వెళ్ళకు.

ఒక్క నిమిషం ఆపి వీధి గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చాను. వాడింకా రాలేదు.

ఇక నీ ఉత్తరంలో అన్నిటికన్నా అడుగున రాసి, కింద గీత గీసిన మాట. "అత్తమ్మా, ఆయన మళ్ళీ బండి తెచ్చాడని విన్నాను. మీరు నాతో అబద్ధం చెప్పరని మిమ్మల్నే అడుగుతున్నాను, నిజమేనా?" అని.

నిజమే. వరండాలో ఉంది. పాత దుప్పటి కప్పాను గానీ దుప్పటి కింద బండి ఉందని వీధంతటికీ తెలుసు.

నువ్వు వెళ్ళేటప్పుడు గడప మీద నిలబడి ఏమన్నావో నేను మరిచిపోలేదు. కిందటేడు ఎగ్జిబిషన్లో ఆ చెక్కల బావి గోడ మీద మోటారుబండి తిప్పుతూ తిప్పుతూ తోటి ఆటగాడు మత్తయి కిందపడటం నువ్వు పైన నిలబడి కళ్ళారా చూశావు. అతని వెనకే ఇంకో బండి మీద తిరుగుతున్నది నీ మొగుడు. ఆ వేళే బావి పని మానిపించావు. "మళ్ళీ అలాంటి బండి ఇంట్లోకి వస్తే బిడ్డనెత్తుకుని నేనీ గడప తొక్కను, నేను రమ్మనేదాకా ఆయన బాపట్ల రానూ వద్దు" అన్నావు. వాడు తలూపాడు. నేనూ తలూపాను. వాడు మారీసుపేటలో మెకానిక్ షాపులో కుదురుకున్నాడని నేను కుదుటపడ్డానో లేదో, నువ్వెళ్ళిన నెలకి ఈ బండి చెక్కపెట్టెలో రైల్లో దిగింది.

పంపింది దీపక్ గారని బెజవాడాయన. బావిలో నాగూర్‌ని చూసి, ఇతనికి బండి మీద తూకం తెలుసు అనుకున్నాడట. ఆయన కొండపక్కన స్థలం తీసుకుని పిల్లలకు ఈ రాళ్ళ మీద నడిపే బండి నేర్పించే బడి పెడుతున్నాడు. ముందు నువ్వు దీనికి అలవాటు పడు, నేనొచ్చి చూస్తాను, నచ్చితే నేర్పే ఉద్యోగం నీదే అన్నాడట. రోజూ తెనాలి నుంచే పాసింజరులో వెళ్ళి రావచ్చట.

పెట్టె విప్పిన రోజు వాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు.

"ఏంట్రా ఇది, సీటేదిరా? దారిలో ఎవడైనా పీక్కుపోయాడా?"

"దీనికి సీటుండదమ్మా. నిలబడే నడపాలి."

"కూర్చుని నడిపినన్నాళ్ళూ నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు నిలబడతావా?"

"కూర్చునే బండి వద్దన్నారు గదమ్మా మీ అత్తాకోడళ్ళు. అందుకే ఇది" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

వసుంధర గారు గోడ మీంచి తొంగి చూసి, "ఏంటి పిన్నీ, మీవాడు సగం బండే కొన్నాడు, మిగతా సగం సంక్రాంతి బోనస్‌కా?" అంది. ఆవిడకేం, ఆవిడ కొడుకు బ్యాంకులో కూర్చుంటాడు. దానికి సీటుంది.

టైర్లు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. గాలి కొట్టించరా అని నేను, దీనికి అంతే ఉండాలమ్మా అని వాడు. గాలి లేని టైర్లు, సీటు లేని బండి, నిద్ర లేని నేను.

అవన్నీ ఒక ఎత్తు, హ్యాండిల్ ఒక ఎత్తు. ఆ హ్యాండిల్ వాడికి కుదరలేదమ్మా. పొద్దున నమాజు చేసుకుని రావడం, స్పానరు తీసుకుని బోల్టులు వదులు చెయ్యడం, హ్యాండిల్‌ని ఇంత ముందుకి తిప్పడం, బిగించడం, ఎక్కి నిలబడటం, మోచేతులు చూసుకోవడం, దిగడం, మళ్ళీ వదులు చెయ్యడం. టీ చల్లారిపోయేది. మణికట్లు లాగుతున్నాయని వేడినీళ్ళ గుడ్డ పెట్టుకునేవాడు. నేను లోపల పొయ్యి దగ్గర కూర్చుంటే కిర్రుమన్న చప్పుడు వినిపించేది, లేచి వచ్చి చూసేదాన్ని, వెళ్ళి కూర్చునేదాన్ని, మళ్ళీ కిర్రు. ఇంట్లో ఇద్దరికీ ఒక చోట నిలకడ లేదు.

మన వైపు పొలాల్లో గులకరాయి కూడా దొరకదు గదా, ఇక రాళ్ళ మీద నడపడం ఎక్కడ. రేపల్లె అవతల పెనుమూడి రేవు దగ్గర, కృష్ణ ఒడ్డున, వంతెన పనికని తెచ్చిపోసిన పెద్ద రాళ్ళున్నాయని ఎవరో చెప్పారు. ఆదివారం ట్రాలీ ఆటోలో బండి ఎక్కించాడు. నేనూ ఎక్కాను. "నువ్వెందుకమ్మా" అన్నాడు. "ఇక్కడ కూర్చుని ఊహించుకునేకన్నా అక్కడ కూర్చుని చూడటం నయం" అన్నాను. టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని చెరుకుపల్లి దాటేదాకా దువా చదువుతూనే ఉన్నాను.

అమ్మా, ఇక్కడి నుంచి నీకు కోపం వస్తుంది. వచ్చినా పూర్తిగా చదువు. ఆ రోజు వాడు పడ్డాడు.

ముందు చక్రం రాయి మీదికి ఎత్తాడు. ఎక్కింది. పక్కకి తిప్పబోతే హ్యాండిల్ మోకాలికి తగిలి ఇరుక్కుంది. బండి అటు, వాడు ఇటు. గడ్డం చీరుకుంది. రేపల్లెలో కుట్లు వేయించుకుని వచ్చాం. ఎముకలకేమీ కాలేదు, నేనే అన్నీ తడిమి చూశాను.

ఇంటికొచ్చాక మంచం మీద కూర్చున్నాడు. పాలల్లో పసుపు వేసి ఇస్తే గ్లాసు పట్టుకుని అన్నాడు.

"అమ్మా, నేనింకా ఆ బావిలోనే ఉన్నానే."

"నీ మొహం. ఏమైంది?"

"బావిలో హ్యాండిల్ పొట్ట దగ్గరికి లాగి పెట్టుకునేవాళ్ళం. ఎందుకో తెలుసా? కూర్చుని మోకాళ్ళతో బండి కాసుకుంటే చేతులు వదిలెయ్యొచ్చు. పైనుంచి జనం చాచిన నోట్లు అందుకోవాలి గదా. తెలియకుండా దీనికీ అలాగే పెట్టాను. ఎంత ముందుకి జరిపినా మళ్ళీ నా చేతులే దాన్ని వెనక్కి లాక్కొస్తున్నాయి. అది చేతులు వదలడానికి పెట్టే హ్యాండిలమ్మా. దీన్ని పట్టుకోవాలి."

పాలు తాగు, ఆరిపోతున్నాయి అన్నాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. నాలుగు మెతుకులు కూడా తినకుండా వెళ్ళాను. ఈసారి హ్యాండిల్ బాగా ముందుకి, కాస్త పైకి పెట్టాడు. ఎక్కి నిలబడితే మోచేతులు కోడి రెక్కల్లా బయటికి వచ్చాయి. అదే రాయి. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం ఎక్కింది. రాయి నెత్తిన ఆగాడు. ఆగడమంటే కాలు కింద పెట్టి కాదమ్మా. రెండు కాళ్ళూ బండి మీదే. చక్రాలు తిరగడం లేదు. వాడి కింద బండి ఊపిరి తీస్తున్నట్టు కొంచెం అటూ ఇటూ ఊగుతోంది, అంతే. రేవులో పడవ వాళ్ళు మాటలు ఆపి చూశారు.

వాణ్ణి కన్న తర్వాత వాడు ఒకచోట కదలకుండా ఉండటం నేను చూసింది అదే మొదలు. నిద్రలో కూడా కాళ్ళు విసిరేవాడు. ఆ బావిలో వేగం తగ్గితే ప్రాణం పోతుంది. ఈ బండి మీద తొందరపడితేనే పడతాడు. నడిచే మనిషి కన్నా మెల్లగా పోతుంది ఇది. నా భయం పోయిందని రాయను, అది అబద్ధమవుతుంది. భయం ఉంది. గానీ ఆ కాసేపూ నా వేళ్ళు తస్బీ పూసలు లెక్కపెట్టడం మానేశాయి, అది తర్వాత చూసుకున్నాను.

రాయి దిగి వచ్చి, "ఇదేనమ్మా చోటు. మళ్ళీ విప్పితే ఇక్కడే బిగించాలి, గుర్తు పెట్టాలి" అన్నాడు. ఇంటికొచ్చి రంగు కోసం వెతికాడు. అద్దం దగ్గర నీ గోళ్ళరంగు సీసా ఉంది, నువ్వు వదిలేసి వెళ్ళింది. తెచ్చిచ్చాను. వాడు చేతిలో పట్టుకుని చూస్తూ, "ఇది ఇష్రత్‌ది గదమ్మా. అడక్కుండా ఎలా" అన్నాడు. నేను లాక్కుని హ్యాండిల్‌కీ అది కూర్చునే బిగింపుకీ కలిపి ఎర్రగా గీత గీశాను. ఆ గీత నాది. దానికి వాణ్ణి ఏమీ అనకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాకటి నుంచీ దీన్నే తప్పించుకుంటూ వస్తున్నాను.

మొన్న పొద్దున వాడు హ్యాండిల్ విప్పాడు. చివరలు వేలెడు పొడుగున్నాయట, లేతు షాపులో కోయించాలట. బ్రేకు తీగలు బండికే కట్టేసి, ఉత్త కడ్డీని వరండా గోడకి ఆనించి స్నానానికి వెళ్ళాడు. నేను దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో అడుగున దూర్చి, పైన బియ్యం కప్పి మూత పెట్టాను.

"అమ్మా, ఇక్కడ హ్యాండిల్ చూశావా?"

"నాకేం తెలుసురా. పొద్దున పాతసామాన్ల వాడు వచ్చినట్టున్నాడు."

అంత బాగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. వాడు తడిజుట్టుతోనే పరిగెత్తాడు. తెనాలిలో ఇనుప సామాన్ల కొట్టు ఒక్కటి వదలకుండా తిరిగాడు. కొలకలూరు దాకా కూడా వెళ్ళి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చి కూర్చుంటే ఆ డబ్బాలోంచే బియ్యం తీసి వండి పెట్టాను. తిన్నాడు.

ఎందుకు దాచావని అడుగుతావు. వచ్చే ఆదివారం దీపక్ గారు రేపల్లె వచ్చి చూస్తానని కబురు పెట్టారు. వాడేమో, "నువ్వు చూశావు గదమ్మా, నువ్వు చెప్పు, వెళ్ళనా మాననా" అని నన్నడుగుతున్నాడు. నువ్వేమో నన్ను కాపలా పెట్టి వెళ్ళావు. వెళ్ళరా అంటే నీకు ద్రోహం. వద్దురా అంటే ఆ రాయి మీద నేను చూసింది చూడలేదని చెప్పినట్టు. ఏదీ నోట రాక డబ్బాలో పెట్టాను. రెండు రోజుల నుంచి మూత వైపు చూడలేకపోతున్నాను.

ఇది నేను తేల్చేది కాదమ్మా. బిడ్డ నీది, మనిషి నీవాడు. హనుమయ్య చేతిలో గోనెసంచి చుట్టి ఉన్న వంకర కడ్డీ అదే. అందుకే దాన్ని నీకు పంపుతున్నాను.

రేపు పొద్దున వాడికి నిజం చెబుతాను. తిట్టనీ. నీ హ్యాండిల్ బాపట్లలో నీ పెళ్ళాం దగ్గరుంది, వెళ్ళి అడుక్కో అంటాను. హ్యాండిల్ లేని బండి మీద రాలేడు, పాసింజరులోనే వస్తాడు. నువ్వు రావద్దన్నావని ఇన్నాళ్ళూ మీ స్టేషను దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు, అది నీకు తెలియదు. వస్తే ముందు గడ్డం మీద కుట్లు చూడు, తిట్టాల్సినంత తిట్టు. అడగాల్సినవన్నీ అడుగు. ఆ తర్వాత ఇవ్వాలనిపిస్తే ఎర్రగీత చూపించి ఇవ్వు, ఎక్కడ బిగించాలో వాడికి తెలుస్తుంది. ఇవ్వబుద్ధి కాకపోతే మీ అటక మీద పడెయ్యి. నేను దాని ఊసెత్తను, వాడి చేతా ఎత్తించను. ఆ బండిని మళ్ళీ చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేది నేనే.

గేటు చప్పుడైంది. వాడే అనుకుంటాను. మీ అమ్మగారికి, నాన్నగారికి నా సలాములు. ఎడమవైపు తిరిగి పడుకో. నూతి దగ్గరికి వెళ్ళకు.

ఆ కడ్డీ గొట్టంలో బియ్యం గింజలు ఇరుక్కున్నాయి, ఎంత దులిపినా నాకు రాలలేదు. నువ్వు దులిపి ఇవ్వు. ఇస్తే.

ఇట్లు
నీకు అబద్ధం చెప్పని, నీ మొగుడికి చెప్పిన
నీ అత్త
ఖాసింబీ