సగం మాత్ర, నాలుగు పంపరపనస తొనలు

భక్తపుర్,
మాఘం పదో రోజు.

పూజ్యురాలైన అమ్మ పాదాలకు, నీ ఎడమ మూత్రపిండాన్ని పదకొండేళ్లుగా పొట్టలో పెట్టుకుని తిరుగుతున్న రష్మిల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. "అందరం" అన్నచోట ఒకరి విషయంలో చిన్న సవరణ ఉంది, అది కింద వస్తుంది. ముందే అక్కడికి దూకకు. హుమ్లాలో మంచు మోకాలిదాకా పడిందనీ, ఆరోగ్యకేంద్రానికి వచ్చే రోగులకంటే చలి కాచుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువనీ రాశావు. వాళ్లక్కూడా ఒక మాత్ర ఇచ్చి పంపు, నర్సమ్మ పరువు నిలుస్తుంది.

నీ జాబు విమానంలో ఉప్పు మూటల పక్కన ప్రయాణం చేసి పన్నెండో రోజున అందింది. అజి మోకాలి నొప్పి గురించి అడిగావు. నీ అత్తగారి మోకాలు కాబట్టి నీకు ఆసక్తి సహజం. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంది, పక్కింటి గొడవ వినడానికి మేడ ఎక్కేటప్పుడు లేదు. నాన్న చేసే పెరుగు ముంతలు బాగానే అమ్ముడుపోతున్నాయి.

నువ్వు లేకుండా జరిగిన మొదటి మ్హపూజ ఎలా అయిందని మళ్లీ అడిగావు, పోయిన రెండుసార్లూ నేను దాటేశాను. ఏడాదికి ఒక్కరోజు మన ఒంటికి మనమే దండం పెట్టుకునే పండగ కదా, అజి నేలమీద అందరికీ తలా ఒక మండలం ముగ్గు వేసింది, ఊళ్లో లేకపోయినా నీకూ వేసింది. నా దగ్గరికి వచ్చి పిండి పట్టుకుని ఆగిపోయింది.

"దీని లోపల ఉన్నది కోడలిది. దానికి వేరే మండలం వేయాలా?"

"అమ్మా, అది దీని ఒంట్లో ఎప్పుడో కలిసిపోయింది కదా," అన్నాడు నాన్న.

"కలిసిపోతే పూటపూటా ఆ మాత్రలెందుకురా? దీని ఒళ్లు దాన్ని తరిమేయకుండా కాపలాయే కదా అది!"

మా కాలేజీలో ఒక ఏడాదంతా చెప్పిన పాఠాన్ని అజి ముగ్గు వేస్తూ ముగించేసింది. నా మండలం పక్కన నీ కిడ్నీకి పిల్ల మండలం ఒకటి వెలిసింది. దీపాలు వెలిగాయి. ప్రసాదంలో పంపరపనస తొనలు నాలుగు నా చేతిలో పడ్డాయి. తిన్నాను.

సవరణ ఇక్కడ మొదలవుతుంది.

ఆ మాత్రలకు నా చేయి వణుకుతుందని నీకు తెలుసు. ల్యాబులో ఎంత వణుకుతుందో తెలియదు. గొట్టంలోకి ఒక చుక్క వేయబోతే మూడు పడతాయి. మా క్లాసులో బినయ్ అనేవాడు "భూకంపం! బల్లకిందికి దూరండి!" అని అరుస్తాడు. అందరూ దూరతారు. నేనూ నవ్వుకుంటూ దూరతాను. ఒకరోజు బల్లకింద నవ్వు రాలేదు.

పండగైన రెండు రోజులకు రక్తపరీక్ష చూసి డాక్టరుగారు అడిగారు, "పంపరపనస తిన్నావా?"

"ప్రసాదం సార్. నాలుగే తొనలు."

"నాలుగు తొనలకే మందు రక్తంలో రెట్టింపైంది. ఆ పండు మందును ఒంట్లోంచి పోనివ్వదు. మందు ఎక్కువైనా కిడ్నీకే దెబ్బ, తక్కువైనా కిడ్నీకే దెబ్బ. మళ్లీ ముట్టుకోకు."

బుద్ధి ఉన్నవాళ్లు ఆ మాటతో మానేస్తారు. నేను బీఎస్సీ మూడో ఏడాది. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో లెక్క కట్టాను: పండు మందును రెట్టింపు చేస్తే, సగం మాత్రా నాలుగు తొనలూ కలిపి ఒక మాత్ర. కాపలాకు కాపలా ఉంటుంది, చేయీ నిలుస్తుంది. రక్తంలో మందు అంతే ఉంటే వణుకూ అంతే ఉండాలి కదా అని ఫస్టియర్ పిల్లయినా అడుగుతుంది. నేను అడగలేదు. డాక్టరు తినమన్నారని అజికి అబద్ధం చెప్పాను. అజి రోజూ మేడమీద ఎండలో కూర్చుని తొనలు ఒలిచి, పెరుగూ మిరపకాయా కలిపి, మెంతుల తిరగమోత వేసి పెట్టింది. "తిను తిను, ఒంట్లో రక్తం లేదు," అంటూ.

చేయి వణుకు ఆగింది. ఆగిందంటే పండు లెక్క తప్పింది, మందు చాలడం లేదని అర్థం. నేను గెలిచానని అర్థం చేసుకున్నాను. పుష్యం మొదట్లో పండ్లు అయిపోయాయి. సగం మాత్ర మాత్రం మానలేదు. ల్యాబులో బల్లకిందికి ఎవరూ దూరడం లేదు అమ్మా, అది ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను?

ప్రతి జాబులోనూ, కిడ్నీ దెబ్బతింటే పెరిగే ఆ క్రియాటినిన్ అంకె రాయమన్నావు. పోయిన రెండు జాబుల్లోనూ 1.1 అని రాశాను. ఆ రెండు నెలలూ నేను పరీక్షకే వెళ్లలేదు.

పోయిన నెలాఖరున కాళ్లు వాచి మేజోళ్ల గుర్తులు చర్మంలో దిగిపోయాయి. పరీక్ష చేస్తే 2.4. కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూశారు. నా ఒళ్లు నీ కిడ్నీ మీద దాడి మొదలుపెట్టింది. మూడు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. ఇప్పుడు 1.8.

"మళ్లీ 1.1కి వస్తుందా సార్?"

"రాదు. పాడైన భాగం పాడైనట్టే," అన్నారు డాక్టరుగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చిన్నప్పుడు పెట్టిన కిడ్నీలు చాలావరకు చిన్నప్పుడు పోవమ్మా. మాత్ర అమ్మ చేతిలో ఉన్నన్నాళ్లూ బాగుంటాయి. కాలేజీకొచ్చాక పోతాయి. నీలాంటివాళ్లను చూస్తూనే ఉంటాను."

"ఇంక ఎన్నాళ్లుంటుంది? అందాజుగా చెప్పండి."

"పదేళ్లు రావచ్చు, మూడేళ్లే రావచ్చు. కొంత నీ చేతిలో ఉంది. కొంత ఇప్పుడు నా చేతిలో కూడా లేదు."

ఇంట్లో చెప్పాను. నాన్న చేతుల మట్టి కడుక్కుని సారె పక్కన కూర్చున్నాడు. నాతో కాక అజితో అన్నాడు, "ఇవ్వడానికి వాళ్లమ్మ దగ్గర ఇంకోటి లేదు. నా రక్తం కుదరదు."

"నాది తీసుకోమను," అంది అజి. "డెబ్బై ఆరేళ్లుగా టీ తప్ప ఏమీ ఎరగదు అది."

పండగ పండగకూ ఇంటి సారా మొదటి గిన్నె ఎవరిదో నీకు తెలుసు. నాకు నవ్వొచ్చింది. అజి మాత్రం నవ్వించడానికి అనలేదు. వంటింట్లోకి వెళ్లి, తొనలు ఒలిచిన తన చేతులనే కొట్టుకుంటూ ఏడ్చింది. నేను కాళ్లు పట్టుకుని, "నువ్వు కాదు అజీ, నేనే అబద్ధం చెప్పాను," అని ఎన్నిసార్లన్నా వినలేదు. అప్పటినుంచి పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఎనిమిదికీ నా ఎదురుగా కూర్చుంటుంది. "నాలిక ఎత్తు. ఏదీ, పక్కకు చూపించు," అంటుంది. పూర్తి మాత్రే మింగుతున్నాను. చేయి మళ్లీ వణుకుతోంది. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నాన్న ఫోనులో చెప్తానన్నాడు. సిగ్నల్ కోసం కొండెక్కి, ఆ గాలిలో నిలబడి నువ్వు ఈ మాట వినకూడదని, నేనే రాస్తానన్నాను. అది పైకి చెప్పిన కారణం. నీ గొంతు వినే ధైర్యం నాకు లేదు.

ఇక్కడ "కంగారు పడకు, సెలవు పెట్టి రావద్దు, నన్ను నేను చూసుకుంటాను" అని రాశాను. మూడుసార్లు రాసి మూడు కాగితాలు చించాను. నన్ను నేను చూసుకుంటే ఏమైందో పైనంతా రాశాను కదా. నాకు చేతకావడం లేదు అమ్మా. మంచు తగ్గి విమానం ఎగరగానే రా. వచ్చి తిట్టు, కొట్టు. రావడం మాత్రం రా.

ఇట్లు,
నీకోసం ఎదురుచూస్తున్న నీ కూతురు
రష్మిల