జవాబు రాని నంబరు

చెల్లీ కొరీన్,

ఈ ఉత్తరం విప్పకుండానే పొయ్యిలో పడేస్తావేమోనని భయపడుతూ రాస్తున్నాను. వెండెల్‌ని మట్టిలో పెట్టిన రోజు నువ్వు నా కోటు పట్టుకుని, "ఆదివారాలు నీ రేడియో గదిలో కూచుని ఏం చెప్పేవాడు నా మొగుడు?" అని అడిగావు. నేను నోరు విప్పలేదు. అప్పటినుంచీ కిరాణా కొట్లో ఎదురుపడినా మొహం తిప్పుకుంటున్నావు. నిన్ను తప్పు పట్టను.

ఫైర్ స్టేషన్లో రేడియో చూసుకోవడమే కాదు, వెండెల్‌లాంటి మన ఫైర్‌మన్ల గోడు వినడానికని నాకు శిక్షణ కూడా ఇచ్చారు. విన్నది బయటపెట్టనని అందరికీ మాటిచ్చాను. కానీ ఆ మాటకి చట్టం అండ లేదు. పక్క కౌంటీలో ఒక ఫైర్‌మన్ ఇలాగే చెప్పుకున్న ఏడుపంతా కోర్టులో లాయరు పైకి చదివాడు. అది పేపర్లో వచ్చిన వారమే వెండెల్ నా దగ్గరికి రావడం మానేశాడు. పలకరిస్తే "బాగానే ఉన్నాన్లే, మార్లిస్" అని టోపీ సర్దుకుని పోయేవాడు. మంచు కరిగేలోపు తన ప్రాణం తనే తీసుకున్నాడు. చచ్చిపోవాలనుందని నాతో ఒక్కసారి అని ఉన్నా పరుగెత్తుకొచ్చి నీ తలుపు బాదేదాన్ని, ఇది మాత్రం నమ్ము.

ఇప్పుడు రాజధానిలో బిల్లు పెట్టారు. మాలాంటివాళ్లతో చెప్పుకున్నది ఫైర్ చీఫ్ అడగకూడదు, కోర్టు అడగకూడదు, ప్రాణం మీదికొస్తే తప్ప. వచ్చే మంగళవారం నన్ను కమిటీ ముందు మాట్లాడమన్నారు. సెనేటర్ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "వట్టి మాటలకి ఎవరూ కరగరండీ. ఆయన మీతో ఏమన్నాడో చెప్పండి, బిల్లు గట్టెక్కుతుంది" అన్నాడు. నీకు చెప్పనిది మైకులో చెప్పనా? చెప్పకపోతే ఇంకో వెండెల్ పోతాడేమో. నువ్వు ఒప్పుకుంటేనే నోరు విప్పుతాను. ఏం చేయమంటావు?

నీ మార్లిస్

మార్లిస్ గారికి,

మీరు నన్ను చెల్లీ అనకండి.

పొగవాసన కొట్టే బట్టలు ఉతికింది నేను. నిద్రలో ఉలిక్కిపడి లేస్తే గుండెలకి అదుముకుంది నేను. మాటలు మాత్రం మీకు! ఇప్పుడు వాటి చుట్టూ చట్టంతో గోడ కూడా కడతారన్నమాట. రేపు ఇంకో పెళ్లాం ఏడుస్తూ వచ్చి అడిగితే "చట్టం ఒప్పుకోదమ్మా" అని పంపించేస్తారు. చీఫ్ దగ్గర దాచుకోండి, నాకేం? నా దగ్గర దాచడమేమిటి?

మంగళవారం నేనూ వస్తున్నాను. మీ బిల్లు వద్దని చెబుతాను. ఆయన మాటలు మైకులో చెప్పడానికి నేను ఒప్పుకోను. ముందు నాకు చెప్పండి.

కొరీన్ కుచెరా

అక్కా,

నిన్న కమిటీ గదిలో నువ్వు నన్ను చూడలేదు. బిల్లుకి వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ల కాగితం మీద పేరు రాసి వెనక వరసలో కూర్చున్నాను. నీ నోట్లోంచి ఆయన మాట ఒక్కటి జారినా లేచి గది దద్దరిల్లేలా అరవాలని వచ్చాను. జారితే బాగుండును, విందామనీ ఆశపడ్డాను. అదీ నిజమే.

"ఇంతకీ ఆయన మీతో ఏమన్నాడు?" అని ఛైర్మన్ అడిగాడు.

"చెప్పనండి. చెప్పేస్తే ఈ చట్టం అడిగే మొహం నాకు ఉండదు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా, ఊరు చూసి పోదామనా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నువ్వు మాత్రం మైకు దగ్గరికి లాక్కుని, "మావాళ్లు డ్యూటీలో పోతే సమాధి దగ్గర రేడియోలో వాళ్ల నంబరు పిలుస్తాను. మూడోసారికీ జవాబు రాకపోతే సెలవు చెప్పేస్తాం. వెండెల్ డ్యూటీలో పోలేదని మా చీఫ్ పిలవనివ్వలేదు. ఇందులో రహస్యమేం లేదు" అన్నావు. అని, "నలభై రెండు, కుచెరా" అని పిలిచావు. ఆగావు. మళ్లీ పిలిచావు. నీ సమయం అయిపోయిందని ఎర్రదీపం వెలిగింది. వెలిగినా మూడోసారి పిలిచావు. ఎవరూ నవ్వలేదు. నేను నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత గుమాస్తా నా పేరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. నేను పలకలేదు.

బిల్లు వచ్చే ఏడాది చూద్దామని పక్కన పెట్టారట. ఈలోపు ఎవరి ఇల్లు మునుగుతుందో వాళ్లకేం పట్టింది? నా కోపం పోయిందనుకోకు. ఆయన నాతో చెప్పుకోలేదన్న బాధ నాతోనే మట్టిలోకి వస్తుంది. కానీ ఏం చెప్పాడని ఇక అడగను. ఒక్కటి మాత్రం అడుగుతాను, అదీ రహస్యమైతే జవాబు రాయకు. ఆ చలికాలం ఇంట్లో ఆయనకి తిండి సయించేది కాదు. నీ దగ్గరికి వచ్చినన్నాళ్లూ ఆదివారం మాత్రం దాల్చినచెక్క రొట్టెలు రెండు, ఆయనకొకటి, నీకొకటి, డబ్బాలో పెట్టి పంపేదాన్ని. డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది. దారిలో పారేసేవాడేమోనని నా అనుమానం.

తిన్నాడా, అక్కా?

కొరీన్

చెల్లీ,

తిన్నాడు. ప్రతి ఆదివారం నా వంతుది కూడా తనే తినేవాడు. వేళ్లు నాక్కుంటూ, "కొరీన్‌తో అనకు" అనేవాడు.

ఈ ఒక్క మాట తప్పాను.

మార్లిస్