వారు లేని జాబితా

జూలై 7, సోమవారం

చేరిపోయాను! ఖరగ్‌పూర్‌లో, ఖరిదా పేటలో మా వాసంతి చదివే కాలేజీలోనే, పెద్దవాళ్ళ కోసం సాయంత్రం పూట పెట్టిన కంప్యూటర్ కోర్సు. ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు.

ఎందుకు చేరానో రాసి పెట్టుకోవాలి. నాలుగు రోజులయ్యాక నాకే గుర్తుండదు. మా అమ్మాయి వాసంతి ప్రోగ్రామింగ్ పేపరు తప్పింది. మళ్ళీ రాయనంటోంది. కంప్యూటర్ చదువే మానేస్తానంటోంది.

"నా బుర్రకెక్కదమ్మా. నీకేటి తెలుసు ఆ బాధ?"

"నాకెక్కితే?"

"నీకెక్కిందంటే నేను మళ్ళీ రాస్తాను. ఒట్టు."

మాకు పరీక్ష ఈ నెల 31న. తను మళ్ళీ రాయడానికి ఫారం ఇవ్వాల్సిన ఆఖరు తేదీ ఆగస్టు 2. చాలినంత సమయం!

నియమాలు:
రోజూ గంట చదువు.
రోజుకో ప్రోగ్రాము, సొంతంగా.
వాసంతిని ఒక్క సందేహం కూడా అడగకూడదు. అడిగితే పందెం అక్కడే పోయినట్టు.

జూలై 8, మంగళవారం

మొదటి ప్రోగ్రాము! కంప్యూటర్ నాకు నమస్కారం పెట్టింది. పెట్టమని నేనే చెప్పాననుకోండి, అయినా పెట్టింది కదా. ఇంట్లో ఎన్నిసార్లు చెబితే ఒక పని అవుతుంది?

మేము నేర్చుకునే భాష పేరు పైథాన్. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టారు.

"పైథానంటే కొండచిలవ కదే? బల్లిని సూస్తే మంచమెక్కుతావు, దీన్నెలగ సాకుతావు?"

పట్టించుకోలేదు. చదువుకునేవాళ్ళకి ఇవన్నీ మామూలే.

జూలై 11, శుక్రవారం

బ్రాకెట్లు. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలట. క్లాసులో సగం మందికి ఇక్కడే తప్పులు. నాకు ఒక్కటీ రాలేదు. పోపుల డబ్బా మూత పెట్టకుండా నిద్రపోయిన మనిషిని కాదు నేను.

మైతీ సార్ మెచ్చుకున్నాడు. బెంగాలీ కుర్రవాడు, నన్ను "మాసీమా" అంటాడు, పిన్నిగారూ అని. "మాసీమా, బహుత్ అచ్ఛా!"

వాసంతి వినేలా రెండుసార్లు చెప్పాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

జూలై 14, సోమవారం

ఇవాళ లిస్టులు. ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా పెట్టమన్నారు. పెట్టాను: వారు, వాసంతి, నేను.

సార్ తెర మీదికి వంగి చూశాడు. "మాసీమా, ఏ కౌన్ సా బార్ హై? సోమ్‌బార్, మంగళ్‌బార్?"

వాళ్ళకి 'వ' పలకదు, నా 'వారు' ఆయనకి 'బార్' అయింది; బెంగాలీలో బార్ అంటే వారమట. మా ఆయన అని చెప్పాను.

"తో నామ్ లిఖియే!"

"నహీఁ."

పక్క క్వార్టర్స్ ఏంజలిన్ నాతోపాటే చేరింది. పకపకా నవ్వింది. "పెళ్ళయి పాతికేళ్ళయింది, ఇప్పటికీ ఆయన పేరు పలకదు సార్ ఈవిడ. టైపు కూడా సెయ్యదన్నమాట!"

చెయ్యను. నోటికి లేని మినహాయింపు వేళ్ళకి మాత్రం ఎందుకు?

జూలై 17, గురువారం

వాన. కరెంటు లేదు. లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉంది. నాలో లేదు.

జూలై 19, శనివారం

గోల్‌బజార్‌లో ఇలిశ చేప, అదే మన పులస, వచ్చిందని ఏంజలిన్ పిలిచింది. ఇలిశ వచ్చిన రోజున క్లాసుకి ఎవరు పోతారు? మైతీ సార్ కూడా అక్కడే బేరమాడుతూ కనిపించాడు. ఒకరినొకరు చూడనట్టు నటించాం.

ఇవాళ చదవలేదు. కానీ దారంతా చదువు గురించే మాట్లాడుకున్నాం. సగం చదివినట్టు లెక్క.

జూలై 24, గురువారం

ప్రోగ్రాములు రాయడం ఆగింది. ఫోన్‌ని అడిగితే అదే రాసి ఇస్తోంది. దాన్ని నోట్సులోకి ఎక్కిస్తున్నాను. మార్జిన్ గీశాను. శీర్షికలు ఎర్ర ఇంకుతో. ఇంత అందమైన నోట్సు క్లాసులో ఎవరికీ లేదు.

అందులో ఏముందని మాత్రం నన్ను అడగకూడదు.

వాసంతి ఒకసారి తిరగేసి, "అమ్మా, ఇదేటో నీకు అర్థమైందా?" అంది.

"పరీక్షయ్యాక సెప్తాను."

నవ్వలేదు. అలాగే చూసి వెళ్ళిపోయింది. నవ్వినా బాగుండేది.

జూలై 29, మంగళవారం

అట్లు పోశాను. అలమరలన్నీ సర్దాను. దేవుడి సామాను తోమాను. పరీక్ష దగ్గర పడితే ఇల్లు ఇంత శుభ్రంగా ఉంటుందని తెలియదు.

జూలై 31, గురువారం

పోయింది.

ప్రశ్న సులువే. లిస్టులో పేర్లు పెట్టి, వాటన్నిటినీ వరసగా చూపించాలి. మా ముగ్గురినే పెట్టి, ఒకటో పేరు నుంచి ఆఖరి పేరు దాకా చూపించమని రాశాను. ఎక్కడా ఎర్ర అక్షరాలు రాలేదు, తప్పని అనలేదు. తెర మీద వచ్చినవి రెండే పేర్లు: వాసంతి, నేను.

వారు లేరు!

మళ్ళీ నడిపాను. మళ్ళీ లేరు. మూత, బ్రాకెట్టు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గంట కొట్టేశారు. ఇరవైకి ఆరు. పాసవాలంటే ఎనిమిది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "పేరైతే ఎలాగూ పలకవు. ఇప్పుడు ఇంట్లోంచే తీసేసినావేటే?"

పందెం నేనే ఓడిపోయాను. వాసంతి ఫారం ఇవ్వక్కర్లేదు. నా వల్ల తన చదువుకి గడియ పడిపోయింది.

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున్న బియ్యం కొలుస్తుంటే వాసంతి వచ్చి పక్కన కూర్చుంది.

"మొదటి డబ్బాని ఏమంటావమ్మా?"

"లాభం. ఒకటి అనకూడదు."

"కంప్యూటర్ కూడా ఒకటనదు. మొదటిదాన్ని సున్నా అంటాది. నువ్వు ఒకటి నుంచి సూపించమన్నావు, నాన్న సున్నా దగ్గరుండిపోయాడు."

నాకు తిక్క రేగింది. పందెం ఎలాగూ పోయింది కాబట్టి అడిగేశాను.

"లాభం తర్వాత రెండంటాం కదే? మరి దానికి సున్నా తర్వాత ఒకటేటి? మా లెక్కే బాగుంది."

"అది... అలాగే ఉంటాదమ్మా."

"అలాగే అంటే సదువు కాదు. ఎందుకో సెప్పు."

లేచి వెళ్ళి పుస్తకం తెచ్చింది. చాలాసేపు పేజీలు తిప్పింది. చివరికి వాళ్ళ నాన్న పాత రైల్వే టైంటేబుల్ తీసి నా ముందు పడేసింది.

"ఇక్కడ సూడు. ఖరగ్‌పూర్‌లో బయలుదేరిన బండికి, ఖరగ్‌పూర్ ఎదురుగా దూరమెంత రాసినారు?"

"సున్నా."

"అంతేనమ్మా! అది ఎన్నోదని కాదు. మొదలు నుంచి ఎంత దూరమని. మొదటిది మొదలు దగ్గరే ఉంది, అందుకే సున్నా. రెండోది ఒక అడుగు దూరం."

అర్థమైంది. నిజంగా అర్థమైంది, నోట్సులో ఎక్కించినట్టు కాదు.

కానీ వాసంతి నన్ను చూడటం లేదు. తన పాత ప్రశ్నపత్రం వెతికి తీసింది. "అయ్యబాబోయ్! మూడో ప్రశ్న... నేనూ సరిగ్గా ఇదే సేసినాను. మొదటిది వదిలేసినాను."

"మరి ఇన్నాళ్ళూ బుర్రకెక్కదన్నావు?"

"ఎవరూ ఎందుకని అడగలేదమ్మా."

ఆగస్టు 2, శనివారం

మధ్యాహ్నం ఫారం ఇచ్చి వచ్చింది. నేను పంపలేదు. అడగనైనా అడగలేదు, ఇస్త్రీ చేస్తూ కిటికీలోంచి చూశానంతే.

మైతీ సార్ నాకు మళ్ళీ పరీక్ష పెడతాడట. తనకీ నాకూ ఒకే వారంలో.

మళ్ళీ మొదటి నుంచి. పాత నియమాలన్నీ రద్దు. ఒక్కటే నియమం: రోజూ వాసంతిని ఒక సందేహం అడగాలి. తెలిసినదైనా తెలియనట్టే అడగాలి.

ఇవాళే మొదలుపెట్టాను.

"ఒసే, బ్రాకెట్టు తెరిస్తే మూయాలంటారు. ఎందుకే?"

"అదీ తెలీదా నీకు!" అంటూ పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి కూర అడుగంటిన వాసన వచ్చింది.

లేవలేదు.