ఎత్తు కుర్చీ

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఫిజియోథెరపీ సెంటర్లో మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తారో ఇప్పటికీ లెక్కపెడుతున్నాం. చికిత్స మొదలయ్యే రోజు నీ పాత కుర్చీయే. నువ్వయితే చివరి రోజూ దాన్నే వేసేదానివి. కొత్త ఓనరు ఆ రోజు ఎత్తైన కుర్చీ వేయిస్తున్నాడు! అందులోంచి ఎవరైనా తేలిగ్గా లేస్తారు. నయమైందని రాసేస్తాడు. ఛీ!

ఇవాళ మూలకుళం కిరాణా కొట్టు రాజమ్మత్త చకచకా లేచింది. ఓనరు చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం నా మొహం చూసింది.

"ఇంట్లో లేవలేక చస్తా ఉండానే, ఈడ ఎట్లా లేచినా పాపా?"

"ఆ కుర్చీ కూడా ఈమెతో ఇంటికి పంపండి సార్" అన్నాను.

రేపట్నుంచి రావద్దన్నాడు.

వస్తూ నీ కుర్చీ ఎత్తుకొచ్చేశాను. ఇక మొదటి రోజైనా, చివరి రోజైనా వాళ్లకు ఆ ఎత్తు కుర్చీయే గతి. లెక్క పెరిగిందని ఎలా రాస్తాడో చూద్దాం.