పొట్ట తీసిన పెన్ను

సూర్యాపేట

నిడమనూరు బీరయ్య బావకు ఐలయ్య దండాలు.

నేను గీడ క్షేమం. నా పెన్ను గాడ క్షేమమేనా?

కోదాడకు పిల్లను సూడవోతున్న, జేబుల పెన్ను లేకుంటే సదువురానోడనుకుంటరని బతిమాలితివి. ఎవలకు పెన్నిచ్చినా క్యాపు నాతాన్నే పెట్టుకుంట. క్యాపుంటే పెన్ను ఎనకకొస్తది. నీకు జేబుకు తగిలియ్యాలె గదా అని క్యాపుతోని ఇచ్చిన. పొట్టేలునిచ్చి తెచ్చుకున్న పెన్ను అది. నా పెన్నుల డబ్బల ఉన్నయన్నీ సిరా పోసేటియి, గదొక్కటే మీట పెన్ను. పాళీ సిరాల ముంచి, పక్కనున్న మీట లేపి ఇడిస్తే అదే తాగుతది. ఇప్పి పొయ్యకు.

ఇట్లు,
ఐలయ్య

మళ్లొక మాట: వద్దన్నదే చేసేటోనివి నువ్వు. దాని మెడ తిప్పకు.

నిడమనూరు

ఐలయ్య బామ్మర్దికి బీరయ్య దీవెనలు.

నిన్నెవడో మోసం చేసిండు. మిర్యాలగూడల సిరా బుడ్డి కొని, పోద్దామని పెన్ను ఇప్పిన. లోపల సిరాకు జాగనే లేదు. గొర్రెపిల్ల ఉచ్చతిత్తి అసొంటిది ఇరికిచ్చిండ్రు. గొర్లు కోసిన చెయ్యి నాది, తిత్తి తెల్వదా? పీకి కుక్కకేసిన. నిండ సిరా పోసిన. ఇప్పుడు శానా పడుతున్నది.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

మళ్లొక మాట: కుక్క మూతి ఇంకా నీలంగనే ఉన్నది.

సూర్యాపేట

బావా, ఇయ్యాల దండాలు లెవ్వు.

గది రబ్బరు తిత్తి. పెన్నుకు పొట్ట. మీట లేపితే పిసుక్కుంటది, ఇడిస్తే సిరా గుంజుకుంటది. పొట్ట తీసినంక మీట ఎవని పొట్ట వత్తాలె? బడి నడుమల ఇడిసినోన్ని, నాకే ఎరుకైంది. నీ గొర్రెకు గిట్లనే పొట్ట తీసి నోట్లె గడ్డి కుక్కుతవా? మీట కాడ సందున్నది, దాంట్లకెల్లి సిరా కారుతది. అది జేబుల పెట్టుకోని కోదాడకు పోకు. నా పెన్ను నాకు పంపు.

ఇట్లు,
కడుపు మండుతున్న ఐలయ్య

మళ్లొక మాట: నీ అంగి ఖరాబైతే నాకు జర చెప్పు. గంతన్న సంబురపడత.

నిడమనూరు

ఐలయ్యకు దీవెనలు.

నీ ఉత్తరం అందేలోపే కోదాడకు పోయొచ్చిన. పిల్ల పేరు పుష్ప. అప్పాలు తినుకుంట కూసున్న, అంగి మీద సిరా సెరువైంది. వాళ్ల నాయిన మొఖం తిప్పుకున్నడు. పిల్ల మాత్రం “ఇదేంటండీ, చొక్కా మీదే రాసుకొచ్చారా?” అని నవ్వి, పెన్ను అడిగి తీసుకున్నది. మీట సందుకు లక్క పోసి మూసింది. సిరా నింపి గోడ మీద రాసి సూసింది. “తిత్తి పీకడం మంచిదైంది. మీట పెన్నులో సిరా రెండు ఉత్తరాలకే అయిపోద్ది” అన్నది. తెలిసే పీకిన అని చెప్పిన. లగ్గం ఖాయమైంది. పెండ్లి పిలుపులు దాంతోనే రాస్తున్నది, ఇడుస్తలేదు.

నువ్వు పరేషాన్ గాకు. నీ కానూన్ నాకు యాదున్నది.

ఇట్లు,
బీరయ్య

మళ్లొక మాట: క్యాపుంటే పెన్ను ఎనకకొస్తదంటివి గదా. క్యాపు గుడ్డల కట్టి పంపుతున్న. పైలంగ పెట్టుకో.