చెయ్యి చాచని యాంటెనా

మదనపల్లె,
12-3-1984

చిరంజీవి ఫ్లోరాకు వరప్రసాద్ మామ దీవించి వ్రాయునది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నివాసులగు సకల జనులకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నేను సగం మీసం గొరిగించుకున్నాను. మిగతా సగం విషయమై నిర్ణయం వాయిదా పడినది. ఇంతకు మించిన వార్తలు ఊళ్లో లేవు. దేవుని దయవల్ల అందరం తిని తిరుగుతున్నాము.

ఇక నీ జాబు. బెంగుళూరులో నువ్వు పరీక్ష చేసి పంపిన యాంటెనా ఉపగ్రహంతో పైకెళ్లాక విచ్చుకోలేదనీ, నాయనకు ముఖం చూపలేక ఈస్టరుకు రాననీ రాశావు. అక్కడ గాలి లేదు, ఎండ తగిలిన వైపు కాలిపోతుంది, నీడవైపు బిర్రబిగుస్తుంది, కీలులో లోహానికి లోహం అతుక్కుపోతుంది అని నువ్వే రాశావు గదా. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన నాకే అర్థమైంది. ఆకాశాన్ని గదిలోకి తెచ్చి పరీక్ష పెట్టడం ఎవరి తరం? ఇందులో నీ తప్పేముంది, పిచ్చిమొహమా?

నిన్న చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు మీ నాయన లేచాడు. మా అక్క పోయినప్పటి నుంచి, ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టమనడానికి తప్ప నోరు విప్పని ప్రసాదరావు బావ. "మా ఫ్లోరా సాకిన పాణం ఒకటుండాది. దూరాన చెయ్యి పట్టేసి కష్టపడతాండాది. ఒక పక్క కాలతాండాది, ఒక పక్క వణకతాండాది. ప్రార్థన చెయ్యండప్పా" అని కూర్చున్నాడు. యాంటెనా అన్న మాటే ఎత్తలేదు.

మన ఆసుపత్రి సంఘం సంగతి నీకు తెలుసు. ఎవరో రోగి అనుకున్నారు. ఆయా పుష్పమ్మ మెట్ల మీద నన్ను పట్టుకుని, "ఆముదం రాసి కాపడం పెట్టమని రాయప్పా, యాల ఊరికే సూస్తాండారు ఆడ?" అని తగులుకుంది. ఏమైనా తింటాండాదా అని అడిగింది. ఎండ తప్ప ఇంకేమీ ముట్టదన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. కీలును సూర్యుడివైపు తిప్పి వెచ్చబెట్టి చూస్తున్నామని రాశావు కదా, అదీ కాపడమే అనుకో.

అది విచ్చుకున్నా విచ్చుకోకపోయినా నువ్వు రా పిల్లా. కుప్పం దాకా రైల్లో వస్తే ఆసుపత్రి వ్యాను తెస్తాను. దోవలో పుంగనూరులో టీ నాది, తిట్లు కూడా నావే.

ఇట్లు,
సగం మీసం మామ
వరప్రసాద్

తా.క.: లేచింది మీ నాయన కాదు, నేను. ఆ మాటలూ నావే. ఆయనే లేచాడంటే నువ్వు వస్తావని కల్పించాను. జరిగింది ఇది: మనవులు ఏమైనా ఉన్నాయా అని పాస్టరు అడగగానే, పక్కన కూర్చున్న మీ నాయన నా చొక్కా వెనక గుప్పిట పట్టి నన్ను పైకి లేపాడు. నేను మాట్లాడినంతసేపూ ఆ గుప్పిట విచ్చుకోలేదు. కూర్చున్నాక కూడా వదల్లేదు.