విమలమ్మ గారి వాయిదాల ఇల్లు

ఏప్రిల్ 4
ఫిల్మ్ నగర్ ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. విమలమ్మ గారే తెచ్చిచ్చారు. జీవితమంతా హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిన మనిషి... తాళాలు నా చేతిలో పెట్టి గబగబా వెళ్లిపోయారు. బిల్డింగ్ పాతదని బ్యాంకు లోన్ ఇవ్వలేదు. దారి చూపించింది ఆవిడే. "బ్యాంకెందుకమ్మా, నెలనెలా నువ్వే ఇవ్వు. నెల జీతమంటే ఎలా ఉంటుందో నేనూ చూస్తాను." అగ్రిమెంటు రిజిస్టర్ అయింది. చివరి వాయిదా కట్టాక ఇల్లు నా పేరుకి మారుతుంది. ఈలోగా అద్దెకిచ్చుకోవచ్చు. పాత ఫ్లాటు కొని, బాగు చేయించి, అద్దెకివ్వడం నాకు కొత్త కాదు. కానీ అమ్మినవాళ్లకే వాయిదాలు కట్టడం ఇదే మొదలు.

ఏప్రిల్ 9
రంగులు వేయిస్తున్నాను. చిన్న గదిలో గోడల నిండా బొంతలు కొట్టి ఉన్నాయి. బయటికి వినబడకుండా ఆవిడ డైలాగులు సాధన చేసుకున్న గది. ఏడుపు సీన్లంటే ఆవిడనే పిలిచేవారట. మేస్త్రీ బొంతలు పీకేస్తానన్నాడు. ఎందుకో వద్దన్నాను.

జూన్ 21
అద్దెకు దిగిన జంట ఖాళీ చేస్తామంటున్నారు. ఇద్దరూ సినిమా ఎడిటింగ్‌లో ఉన్నారు, ఊరికే భయపడే రకం కాదు. మధ్యాహ్నాలు చిన్న గదిలో ఎవరో ఏడుస్తున్నారట. అదే ఏడుపు, మళ్లీ మళ్లీ. "సరిగ్గా కుదరక మళ్లీ మొదలెడుతున్నట్టుందండీ," అంది ఆ అమ్మాయి.
అడ్వాన్స్ తిరిగిచ్చేశాను.

జూలై 2
నా లెక్కల కోసం ఆడిటర్ దగ్గరికి వెళ్తే విమలమ్మ గారి సంగతి బయటపడింది. ఇల్లు అమ్మిన లాభం మీద, వచ్చే వాయిదాను బట్టి ఏటా కొంత పన్ను ఆవిడ కడితే చాలనుకున్నాం ఇద్దరం. కాదట. "అగ్రిమెంట్ రిజిస్టర్ చేసి తాళాలిచ్చిండ్రంటే అమ్మినట్టే మేడమ్. పైసలు ఎన్నేండ్లకు వచ్చినా సరే, లాభం మొత్తం ఈ సంవత్సరం లెక్కల్నే చూపాలె."
ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉందట. కొనగలిగితే ఆవిడ కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఎందుకుంటారు?
ఈ మాట ఆవిడకు ఎవరు చెప్పాలి... నేనే.

జూలై 3
వెళ్లలేదు.

జూలై 6
వెళ్లాను. మేడ మీద గది. కింద డాన్సర్ల రిహార్సల్ చప్పుడు. చెప్పాను. చేతికి రాని డబ్బుకి కూడా పన్నా అని అడిగారు. కావాలంటే అగ్రిమెంటు రద్దు చేసుకుందాం, ఇల్లు వెనక్కి తీసుకోండి అన్నాను. ముఖం మారిపోయింది. ఆ ఇంట్లో మళ్లీ అడుగు పెట్టనన్నారు. ఆగలేక, అద్దెవాళ్లు విన్నదేమిటో చెప్పేశాను. ఆశ్చర్యపోలేదు.
"అది నా గొంతేనమ్మా. అందుకే అమ్మేశాను."

జూలై 7
నిద్ర లేదు.

జూలై 15
ఊరి బయట నాకున్న ఖాళీ ప్లాటు అమ్మకానికి పెట్టాను. కొన్ని వాయిదాలు ముందే ఇచ్చేస్తే ఆవిడ పన్నుకి సరిపోతుంది. మా ఆయన ముభావంగా ఉన్నారు. ఆవిడ పన్ను ఆవిడది, మధ్యలో మనకేంటి అంటారు. చట్టప్రకారం నిజమే.

సెప్టెంబర్ 18
ప్లాటు అమ్ముడైంది. ఆ డబ్బు ముందస్తు వాయిదాలుగా విమలమ్మ గారి ఖాతాలో వేశాను. ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అన్నది ఒక్కటే... "ఆ గదిలోకి మాత్రం నువ్వు వెళ్లకమ్మా."

నవంబర్ 11
విమలమ్మ గారు పోయారు. గుండె ఆగిందట. శ్మశానానికి డబ్బింగ్ వాళ్లంతా వచ్చారు. కళ్లు మూసుకుంటే పాత సినిమాల హీరోయిన్లు గుసగుసలాడుతున్నట్టుంది. ఎవరూ పైకి ఏడవలేదు.

నవంబర్ 20
ఇల్లింకా ఆవిడ పేరునే ఉంది. ఆవిడ ఇంకా కట్టని పన్ను కట్టాలన్నా, మిగిలిన వాయిదాలు తీసుకోవాలన్నా, నా పేరుకి మారుస్తూ సంతకం పెట్టాలన్నా వారసులు కావాలి. ఆవిడకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. లాయరు వాకబు చేస్తున్నాడు.

డిసెంబర్ 2
చిన్న గదిలో కూర్చున్నాను, మధ్యాహ్నమంతా. ఏమీ వినబడలేదు.
దానికే భయమేసింది.

డిసెంబర్ 9
మళ్లీ వెళ్లాను.

డిసెంబర్ 16
మళ్లీ. ఇంట్లో బ్యాంకు పని అని చెప్పాను.

జనవరి 8
వారసురాలు దొరికింది. విమలమ్మ గారి అన్న కూతురు శారద, ఏలూరులో టీచరు. ఫ్లాటులోనే కలిశాం. మేనత్తను చిన్నప్పుడు చూడటమేనట. అగ్రిమెంటు రద్దు చేసుకుందాం, మీరిచ్చిందంతా తిరిగిచ్చేస్తాను, పన్ను గొడవ నేను చూసుకుంటాను అంది. మా ఆయన వెంటనే ఒప్పుకోమంటారు. ఆడిటర్ కూడా అదే మాట. ఇంతకంటే శుభ్రంగా బయటపడే దారి లేదు.
"మీరిక్కడ ఉండేది లేదు కదండీ, ఈ ఇల్లు మీకెందుకు?" అని అడిగింది శారద. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని.
అద్దెకివ్వడానికి అన్నాను. ఆ జంట వెళ్లాక ఎవరికీ ఇవ్వలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లని కూడా ఏదో ఒకటి చెప్పి పంపేస్తున్నాను.
ఆదివారం వస్తానంది, జవాబు కోసం. సరే అనడానికి ఒక్క మాట చాలు... అది నోట్లోంచి రావడం లేదు.